ఒడ్డున నిలిచినవారి మాట

మద్యపానము వలని కీడును గూర్చి మన యాలయ మండపములలో ఉపన్యాసములు తరచుగా జరుగుచుండును. త్రాగువాడు ధనమును పోగొట్టుకొనుననియు, దేహమును చెరచుకొనుననియు, మర్యాదను కోల్పోవుననియు పెద్దలు చెప్పుదురు. అది యంతయు సత్యమే. కాని యా ఉపన్యాసమును వినుటకు త్రాగువాడు వచ్చుట అరుదు. చాపమీద కూర్చుండి తల వంచుకొని వినువారు అతని భార్య, అతని తల్లి, అతని బిడ్డలు. వారిని గూర్చి యొక్క మాటయైనను చెప్పకయే సభ ముగియును. వారు హారతిని కన్నుల కద్దుకొని, ప్రసాదము పుచ్చుకొని, ఇంటికి పోయి, వాకిటి చప్పుడునకై చెవి యొగ్గి కూర్చుందురు.

ఈ వ్యాసమున మేము వారిని గూర్చియే చెప్పదలచితిమి. త్రాగువానికి చికిత్స యెంత యవసరమో, అతనిని కనిపెట్టుకొని యున్నవారికి ఉపశమనము నంతే యవసరము. ఆ యుపశమనము ఒంటరిగా కూర్చున్నవారికి దొరకదు. అదే కష్టమును పడినవారి సహవాసమున దొరకును. అట్టి సహవాసమునకు మన యాలయములు తగిన స్థానములని మా యభిప్రాయము.

ఇట్టి యిల్లు ఎట్లుండునో మన ద్వీపవాసులకు విస్తరించి చెప్పనక్కరలేదు. భర్త పనికి లేవలేని నాడు భార్య యజమానికి టెలిఫోను చేసి జ్వరము వచ్చినదని చెప్పును. దుకాణపు కార్నేలో వ్రాసిన రమ్ము బాకీని తల్లి తన పింఛను సొమ్ముతో తీర్చును. పెద్ద కుమార్తె తండ్రి అడుగుల చప్పుడును బట్టియే యా రాత్రి యెట్లు గడచునో గ్రహించి, తమ్ములను ముందుగానే పండుకొనబెట్టును. పండుగనాడు చుట్టములు వచ్చి అడిగిన, ఆయనకు పని యున్నదని అందరును ఒక్క మాటగా చెప్పుదురు. ఇంటిలో త్రాగువాడొక్కడు, ఆ త్రాగుడు చుట్టు తిరుగువారు నలుగురు. అతడు సీసాను తలచుకొని మేల్కొనును. వారు అతనిని తలచుకొని మేల్కొందురు. నేడు మద్యముతోపాటు కొత్తరకపు మత్తుమందులును మన గ్రామములలో ప్రవేశించినవి. పదార్థము మారినను ఇంటివారి స్థితి మారలేదు.

పాశ్చాత్యులు ఈ స్థితికి కోడిపెండెన్సీ యని పేరు పెట్టిరి. 1986వ సంవత్సరమున మెలోడీ బీటీ యను అమెరికా రచయిత్రి ప్రకటించిన గ్రంథము వలన ఆ మాట సామాన్య ప్రజలకు పరిచితమైనది. ఆ సంవత్సరముననే అరిజోనా రాష్ట్రములోని ఫీనిక్సు నగరమున ఇట్టివారి సహవాస సంఘ మొకటి పుట్టినది. వైద్యుల మానసిక రోగముల పట్టికలో ఇది ప్రత్యేక రోగముగా చేర్చబడలేదు. కనుక దీనిని రోగమనుటకంటె అలవాటనుటయే మేలు. తన నిద్రాహారములను, తన గౌరవమును, తన సుఖదుఃఖములను మరియొకరి నడవడికి తాకట్టు పెట్టుటయే యీ యలవాటు. తాకట్టు పెట్టిన వస్తువు మన యింట లేనట్లే, ఇట్టివారి మనస్సును వారి యొద్ద నుండదు.

అట్లయిన ప్రేమించుట తప్పా యని యడుగవచ్చును. తప్పు కాదు. భాగవతములోని భరత మహారాజు కథను మనవారందరును వినియున్నారు. రాజ్యమును విడిచి తపస్సునకు పోయిన ఆ మహాత్ముడు తల్లిని కోల్పోయిన జింకపిల్లను చేరదీసెను. అది దయ, దయ ధర్మమే. కాని కాలక్రమమున ఆయన స్నానము మరచెను, జపము మరచెను, పూజ మరచెను. జింకపిల్ల కనబడనప్పుడు దాని క్షేమమును గూర్చి తపించుటయే ఆయన తపస్సాయెను. అంత్యకాలమున దానినే తలచుచు ప్రాణములు విడిచి మరుజన్మమున జింకగా పుట్టెను. కథలో దోషము దయది కాదు. దయ జూపువాడు తన్ను తాను మరచుటయే దోషము. జింకపిల్లకును దాని వలన మేలు కలుగలేదు.

గజేంద్రమోక్షమును కూడ ఈ దృష్టితో నొకసారి తలచవలెను. మకరి పాదమును పట్టగా గజేంద్రుడు వేయి సంవత్సరములు పోరాడెను. ఆ కాలమంతయు ఒడ్డున ఎవరుండిరి? అతని యాడేనుగులు, అతని గుంపు. వారు రోదించిరి, అతనిని బయటికి లాగజూచిరి, లాగలేకపోయిరి. పురాణము చెప్పువారు నీటిలోని గజేంద్రుని మొరను విస్తరించి చెప్పుదురు గాని ఒడ్డుననున్నవారి మొరను గూర్చి ఆలోచించువారు తక్కువ. మన మండపములో చాపమీద కూర్చున్న స్త్రీలు ఆ యొడ్డున నిలిచినవారే. వారు గ్రహింపవలసిన సత్యములు రెండు గలవు. మకరి పట్టినది అతని పాదమును. దానిని విడిపించు శక్తి వారి తొండములకు లేదు. మొర పెట్టవలసినది అతడు. అతనికి బదులుగా వారు మొర పెట్టలేరు. అయినను వారికిని ఒక మొర కలదు. అది వారు తమకొరకు తాము పెట్టుకొనవలసినది.

ఈ సత్యమును నమ్ముట మిక్కిలి కష్టము. ఇందులకు అమెరికాలోని యొక ఇల్లాలి చరిత్ర నిదర్శనము. ఆమె పేరు లోయిస్ విల్సన్. ఆమెకు 1918లో వివాహమైనది. భర్త బిల్ విల్సన్ వ్యాపారదక్షుడైనను ఘోరమైన త్రాగుబోతు. ఆమె తానే ఉద్యోగము చేసి ఇల్లు నడపి, అతనిని మాన్పింప నెన్ని విధముల ప్రయత్నించినను ఫలము లేకపోయెను. 1934 డిసెంబరులో అతడు త్రాగుడు మానెను. 1935లో ఒహాయో రాష్ట్రములోని యాక్రన్ పట్టణమున డాక్టరు బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యునితో కలసి ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘమును స్థాపించెను. ఒక త్రాగుబోతు మరియొక త్రాగుబోతుతో తన కథను చెప్పుకొనుటయే ఆ సంఘము యొక్క మూలసూత్రము.

భర్త మానినాడు గదా, ఇక భార్యకు సుఖమే యని లోకము తలచును. జరిగినది వేరు. ఒకనాడు భర్త సభకు వేళయైనదని తొందరపెట్టగా, లోయిస్ పట్టరాని కోపముతో కాలిబూటు తీసి విసరెను. తన కోపమునకు తానే ఆశ్చర్యపడి ఆలోచింపగా ఆమెకు తెలిసివచ్చిన దేమనగా, ఇన్ని యేండ్లును అతనిని రక్షించుటయే ఆమె జీవితముగా నుండెను; ఆమె చేయలేని పనిని ఇతరులు చేసిరి; ఇప్పుడామెకు చేయుటకు పనియు లేదు, నిలుచుటకు చోటును లేదు. అతడు బాగుపడుచున్నాడు గాని ఆమె యింకను ఒడ్డుననే యున్నది. సభలకు భర్తలతో వచ్చు ఇతర స్త్రీలును ఇట్లే యుండిరి. 1951లో ఆమెయు, ఆన్ అను మరియొక ఇల్లాలును కలసి, అప్పటికే అక్కడక్కడ కూడుచున్న కుటుంబ బృందములకు ఉత్తరములు వ్రాసి, వాని నన్నిటిని ఆల్-అనాన్ అను పేర ఒక్క త్రాటిపై తెచ్చిరి. 1957లో బాలబాలికలకు ఆలటీన్ అను శాఖ ఏర్పడినది.

ఆ త్రాగుడు మానినవారి మార్గమునకు 12 మెట్లు గలవు. ఇల్లాండ్రు తమ సంఘమునకు వానినే గ్రహించి, పండ్రెండవ మెట్టులో ఒక్క మాటను మాత్రము మార్చిరి. మొదటి మెట్టును మార్చలేదు. మద్యము ముందు తాము శక్తిహీనులమని అందులో నున్నది. ఒక్క చుక్కయు త్రాగని స్త్రీ ఆ మాట చెప్పుట వింతగా దోచును. కాని భర్త త్రాగుడును ఇరువది యేండ్లు అదుపు చేయజూచి చేయలేకపోయిన స్త్రీకంటె ఆ మాట యొక్క యర్థము నెరిగినవారెవరు?

ఆ సభలు జరుగు విధానము మనవారు తెలిసికొనదగినది. వారమున కొకసారి ఒక గదిలో కూడుదురు. ప్రవేశరుసుము లేదు, ఎవరికి తోచినది వారిచ్చి ఖర్చులు గడుపుకొందురు. ఇంటిపేరు చెప్పనక్కరలేదు. అక్కడ విన్నది అక్కడనే విడిచిపెట్టవలెను. ఒకరు తమ స్థితిని చెప్పుకొనుచుండగా తక్కినవారు వినవలెను గాని మధ్యలో అడ్డుపడి సలహా లీయరాదు. త్రాగువానిని నిందించుట ఆ సభ యొక్క పని కాదు. నేను ఏమి చేయుచున్నాను అనుటయే అక్కడి ప్రశ్న. దైవమును ఎవరికి తోచిన రూపమున వారు తలచుకొనవచ్చును. కనుక రాముని గొలుచువారు రాముని, అమ్మవారిని గొలుచువారు అమ్మవారిని తలచుకొన అడ్డు లేదు.

ఆ మెట్లను పరికించిన మనకు కొత్త యనదగినది స్వల్పమే. నా చేత కాదని యొప్పుకొని దైవమునకు అప్పగించుట మనవారు శరణాగతి యందురు. తన గుణదోషములను తానే వ్రాసి చూచుకొనుట ఆత్మపరీక్ష. నొప్పించినవారిని క్షమాపణ వేడి, చేసిన కీడును సరిదిద్దుట ప్రాయశ్చిత్తము. ప్రతిదినము ప్రార్థనకును ధ్యానమునకును కొంత కాలమును కేటాయించుట నిత్యానుష్ఠానము. తాను పొందిన మేలును తనవంటి మరియొకరికి పంచుట సేవ. ఇవన్నియు చేయుటకు కూడుట సత్సంగము. మన యొద్ద లేనిది శాస్త్రము కాదు. లోలోపలి దుఃఖమును దాచక చెప్పుకొనుటకు ఒక గదియు, దానిని విని బయట చెప్పని నలుగురు మనుష్యులును మనకు లేరు.

ఆధ్యాత్మికాభివృద్ధి యనగా పెద్ద మాటగా దోచునేమో. ఇట్టి యింట అది చిన్న పనులలో కనబడును. యజమానికి అబద్ధము చెప్పుట మానివేయుట; అతని మాట అతనినే చెప్పుకొననిచ్చుట. రమ్ము బాకీని తాను తీర్చకుండుట. సీసాలను వెదకి పారబోయుట మానుట; పారబోసిన నాడు అతడు మరియొకటి కొనును గదా. అతడు వచ్చినను రాకున్నను బిడ్డలతో కలసి వేళకు భోజనము చేయుట. నాన్నగారికి ఒంట్లో బాగులేదని కప్పిపుచ్చక, త్రాగుడు వారి వలన వచ్చినది కాదని బిడ్డలకు వారి వయస్సునకు తగినట్లు చెప్పుట. అతని మీద అలుకతో గుడి మానక, అతని కొరకు మాత్రమే మ్రొక్కక, తన మనశ్శాంతికై కూడ దీపము పెట్టుకొనుట. ఫలము మీద ఆసక్తి విడిచి కర్మము చేయవలెనని గీతలో చెప్పబడిన ధర్మము వంటింటిలో ఆచరణకు వచ్చునది ఇట్లే.

ఇక్కడ రెండు హెచ్చరికలు చేయుట మా విధి. మొదటిది: శరణాగతి యనగా దెబ్బలు తినుచు కూర్చుండుట కాదు. చేయి చేసికొనువాని యింట స్త్రీకిని బిడ్డలకును ముందు కావలసినది భద్రత. మన ద్వీపమున గృహహింసనుండి రక్షణ కల్పించు చట్టము 1997లో చేయబడినది. దాని వలన న్యాయస్థానమునుండి రక్షణాజ్ఞ పొందవచ్చును. అట్టి ఆజ్ఞను కోరిన స్త్రీ భర్తకు ద్రోహము చేసినదని యెవరును అనరాదు. రెండవది: బహుకాలము మిక్కుటముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానిన వణకు, మూర్ఛ మొదలగునవి వచ్చి ప్రాణాపాయము కలుగవచ్చును. కనుక మ్రొక్కు మ్రొక్కి మాన్పించువారు వైద్యుని సలహా తప్పక పొందవలెను. సహవాసము మందునకు బదులు కాదు. మందును సహవాసమునకు బదులు కాదు.

మా సూచనకు కొన్ని యాక్షేపణలు రాగలవని యెరుగుదుము. ఇంటిగుట్టు రచ్చకెక్కునని కొందరందురు. ఆ గుట్టు ఊరిలో నెవరికి తెలియదో వారు చెప్పవలెను. దుకాణదారునికి తెలియును, బస్సు కండక్టరుకు తెలియును, ప్రక్కయింటి పిల్లలకు తెలియును. దాచుట వలన దాగినది త్రాగుడు కాదు. ఆ యిల్లాలి దుఃఖము మాత్రమే. సహించుట పతివ్రతాధర్మము గదా యని మరికొందరందురు. సహనము గొప్ప గుణమే. కాని భర్త నాశమునకు ప్రతిదినము సహకరించుట సహనము కాదు. ధృతరాష్ట్రుడు కుమారుని ప్రేమింపక పోలేదు. వలదని చెప్పవలసిన నాడు చెప్పలేకపోయెను. గాంధారి భర్త యంధుడని తన కన్నులకు గంత కట్టుకొనెను. ఆ వ్రతమునకు నమస్కరింతము. అయినను దుర్యోధనుని విడిచిపెట్టుమని భర్తకు హితము చెప్పినదియు ఆమెయే యని మరువరాదు. ఇది పరదేశపు పద్ధతి యని ఇంకను కొందరందురు. టెలిఫోనును, టీకామందును గ్రహించినప్పుడు మనము ఆ మాట యనలేదు. అదియును గాక, ఒకే కష్టమున పడినవారు ఒకరినొకరు ఆదుకొనుట మనకు పరదేశపు పద్ధతి కానేకాదు.

మన పూర్వుల చరిత్రయే దీనికి సాక్షి. 1834 నవంబరు 2వ తేదీన అట్లాసు ఓడపై వచ్చినవారు మొదలుకొని, సుమారు అర మిలియను జనులు ఒప్పందపు కూలీలుగా ఈ ద్వీపమునకు వచ్చిరి. తెలుగుదేశమునుండి వచ్చినవారికి వారు ఓడ నెక్కిన రేవును బట్టి కోరంగివారని పేరు వచ్చినది. పోర్టు లూయీలో వారు ఎక్కిన 16 రాతిమెట్లు నేటికిని నిలిచియున్నవి. ఆ స్థలము 2006లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినది. ఆ ఓడలలో ఒకరి కులము నొకరు, ఒకరి భాష నొకరు ఎరుగనివారు ఓడదిగునాటికి జహాజీ సోదరులైరి. వారిని కలిపినది రక్తము కాదు; కలసి పడిన కష్టము.

ఎస్టేటులలో నొకనాడు పనికి రానివానికి రెండునాళ్ల కూలి కోసెడి నియమ ముండెను. అట్టి దినములలో ఇంటివాని బలహీనతను సర్దారుకు తెలియకుండ దాచుట కడుపు నింపుకొను ఉపాయమై యుండును. ఆ దాచు నలవాటును నిందింప మా నోరాడదు. కాని ఒప్పంద కూలీల రాక ఆగి శతాబ్దము దాటినది. మనలో ననేకులు చెరకు పొలమును విడిచి కార్యాలయములలోను, హోటళ్లలోను, పాఠశాలలలోను పని చేయుచున్నారు. సర్దారు లేడు, సర్దారుకు వెరచి నేర్చిన మౌనము మాత్రము ఇంటింట మిగిలియున్నది. ఓడలోని సోదరత్వమును విడిచి ఎస్టేటులోని భయమును మాత్రము నిలుపుకొనుట మనకు తగునా?

కావున మేము ఆలయ సంఘముల పెద్దలకు చేయు విన్నపము లివి. ప్రతి యాలయమునకు ప్రక్కనున్న గదిని వారమున కొక సాయంకాలము ఇట్టి కుటుంబములవారికి విడిచి యీయవలెను. అందు హాజరు పుస్తకము ఉండరాదు, నివేదిక వ్రాయరాదు, కార్యవర్గమువారు అధ్యక్షత వహింపరాదు. ఇతర మతములవారు వచ్చినను రానీయవలెను. ఈ దుఃఖమునకు మతము లేదు. మద్యపానమును గూర్చిన ప్రతి ఉపన్యాసమున ఒడ్డున నున్నవారిని గూర్చి కూడ నాలుగు మాటలు చెప్పవలెను. అర్చకులకును ఒక మాట. భర్త త్రాగుడు మానుటకై పూజ చేయింప వచ్చిన స్త్రీకి తప్పక పూజ చేయుడు, రక్ష కట్టుడు. అటు పిమ్మట, అమ్మా, నీవు నిద్రించి యెన్ని దినములైనది, భోజనము చేయుచున్నావా అని యడుగుడు. ఆ ప్రశ్న ఆమెను అంతవరకు నెవ్వరును అడిగి యుండరు.

ఈ సభల వలన త్రాగువారందరును మానుదురని మేము వాగ్దానము చేయము. కొందరి యింట, ఇంటివారు బాకీలు తీర్చుట మానిన పిదప, అతడే తన బాధను గ్రహించి వైద్యుని వెదకుకొని పోవచ్చును. కొందరి యింట అతడు మారకయే పోవచ్చును. అయినను ఆ యిల్లాలు వేళకు తిని, వేళకు నిద్రించి, బిడ్డలతో నవ్వుచు మాటలాడగలిగిన నాడు ఆ యింట ఒకరు బయటపడినట్లే. ఒకరు గట్టుమీద స్థిరముగా నిలిచిన యెడల బిడ్డలకు పట్టుకొనుటకు ఒక చేయి దొరకును.

మన రామభజనములో దీపము చుట్టు వలయముగా తిరుగుచు తెల్లవారువరకు పాడుదురు. అందు ఎవరి యడుగు వారే వేయవలెను. ఒకరి యడుగు మరియొకరు వేయలేరు. అలసినవారు కొంతసేపు ప్రక్కకు వచ్చి కూర్చుందురు; వలయము నిలువదు; మరల వచ్చినవారికి చోటు విడుతురు. దీపము నడుమ నుండును గాని ఏ యొక్కరి చేతిలోను ఉండదు. సహవాసమన్న నిట్టిదే. ఇంతకాలము త్రాగుడును నడుమ నుంచుకొని తిరిగిన కుటుంబములు ఇకమీదట దీపమును నడుమ నుంచుకొని తిరుగుటకు మన యాలయములు చోటిచ్చుగాక.